జాతకాలు కలిశాక రక్తంతో పనేంటి?

నలభై ఏళ్లుగా సంబంధాలు కుదురుస్తున్నాను. నా చేతుల మీదుగా పందిరెక్కిన జంటల్ని లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఆ లెక్కన నేనాడాల్సినవి ఇంకా బోలెడు మిగిలే ఉన్నాయి.

పోయిన జ్యేష్ఠం చివర్లో ఒక జంట మా గుమ్మం ఎక్కారు. మేనత్త కూతురు, మేనమామ కొడుకు. కార్తీకంలో నేనే దగ్గరుండి చేయించిన పెళ్లి. అమ్మాయికి పదో వారం. అబ్బాయి చేతిలో ల్యాబు వాళ్లిచ్చిన పొడుగాటి కవరు. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచి మడతల దగ్గర చిరుగు పట్టించాడు. లోపల రెండు కాగితాలు. రెండింట్లోనూ ఒకే గడి చుట్టూ డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. హెచ్‌బీ ఏ2 అట. అమ్మాయికి 5.3, అబ్బాయికి 5.6. మామూలు మనుషులకి 3.5 లోపు ఉంటుందట. ఇద్దరూ బీటా థలసీమియా క్యారియర్లని తేల్చింది ఆవిడ. క్యారియరంటే మా కాలంలో పొలానికి అన్నం పట్టుకెళ్లేది.

"ఏం చెయ్యమంటారు బాబాయ్?" అన్నాడు అబ్బాయి.

"ముందు మజ్జిగ తాగండి" అన్నాను.

తాగారు. తర్వాత గంటసేపు నేను చెప్పింది వాళ్లకే కాక పదిమందికీ పనికొస్తుందని ఇలా రాసి పెడుతున్నాను. పెళ్లి కావలసినవాళ్లు మొదట్నుంచీ చదవండి. అయిపోయినవాళ్లు మధ్యలో అందుకోవచ్చు.

పెళ్లికి ముందు

జాతకం చూపించండి. ముప్పయ్యారు గుణాల్లో పద్దెనిమిది కలిస్తే చాలు, ఈ జంటకి ఇరవయ్యెనిమిది కలిశాయి. అందులో ఎనిమిది గుణాలు ఒక్క నాడికే. నాడి కలవకూడదు, కలిస్తే పిల్లలకి మంచిది కాదంటారు. వీళ్లది ఆది నాడి, మధ్య నాడి. అంటే పిల్లల ఆరోగ్యానికి పూర్తి మార్కులు వచ్చేశాయి. ఇక సూది గుచ్చి చూడాల్సిందేముంది?

ఆ పరీక్ష ఖర్చు పెళ్లిభోజనంలో రెండు మూడు విస్తళ్లంత. ఖర్చుకి వెనకాడి చెప్పడం లేదు, మనం డ్రోన్ కెమెరాకే లక్ష పోసేవాళ్లం. అడగడమే నామోషీ. "మీ అబ్బాయి రక్తపరీక్ష కాగితం ఇస్తారా?" అని వియ్యంకుణ్ణి అడిగి చూడండి, ఆ సంబంధం ఎన్నాళ్లుంటుందో. జీతం స్లిప్పు అడగొచ్చు, పొలం పాసుపుస్తకం అడగొచ్చు, అమెరికాలో ఉంటే వీసా ఏ రకమో అడగొచ్చు. రక్తం అడగకూడదు.

సైప్రస్ అనే దీవిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఈ క్యారియర్లేనట. 1983 నుంచి అక్కడి చర్చివాళ్లు, పరీక్ష చేయించుకున్నట్టు కాగితం చూపిస్తే తప్ప పెళ్లి చెయ్యడం లేదట. ఫలితం ఏదైనా పెళ్లి ఆపరు, ఇద్దరికీ విషయం తెలిసి ఉంటే చాలంటారు. కొన్నేళ్లకల్లా అక్కడ ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన పురోహితులు కూడా లగ్నపత్రిక రాసేముందు ఆ కాగితం అడగడం మొదలుపెడితే నా వృత్తి ఏం కాను? అదృష్టం, మా పంతులుగారు నా మాట జవదాటరు.

మేనరికం గురించి

మేనరికానికి వంక పెట్టేవాళ్లు ఊరికొకరు తయారయ్యారు. గోత్రాలు వేరు. ఇంటిపేర్లు వేరు. పొలం గట్టు దాటదు. పిల్ల అత్తారింటికెళ్లినా మేనత్త చేతి అన్నమే తింటుంది. ఇన్ని సుగుణాలున్నదాన్ని పట్టుకుని డాక్టరమ్మ వాటాలు పంచుతుంది. బావామరదళ్లకి వంశపు సరుకులో ఎనిమిదో వంతు ఉమ్మడి అట, మేనమామా మేనకోడలైతే నాలుగో వంతట. తాతగారిలో ఎక్కడో దాగున్న లోపం కొడుకు వైపు నుంచి ఒకటి, కూతురు వైపు నుంచి ఒకటి వచ్చి మనవడి పెళ్లిపీటల మీద కలుసుకునే వీలు మేనరికంలో ఎక్కువట. గోత్రం తండ్రి వైపు నుంచే లెక్కకొస్తుంది, రక్తం రెండు వైపుల నుంచీ వస్తుంది, అందుకే గోత్రం చూసినవాడికి ఇది కనపడదట.

మా అమ్మా నాన్నా మేనమామా మేనకోడళ్లే. నాకేమైంది? నిక్షేపంలా ఉన్నాను. ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

మేనరికం కాని వాళ్లకి వేరే సలహా. "మాది పరాయి సంబంధం, మాకు రాదు" అని ధీమాగా ఉండండి. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ క్యారియర్లేనని, ముక్కూ మొహం తెలియని ఇద్దరు క్యారియర్లు కలిసినా లెక్క మారదని ఆవిడ అంటుంది. పట్టించుకోకండి. సికిల్ సెల్ మాటెత్తితే "అది ఏజెన్సీ వాళ్ల జబ్బు" అని తేల్చేయండి. 2023 జూలై 1న కేంద్రం 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామని మిషన్ మొదలుపెట్టిందంటే, అది ఆ కొండల్లో వాళ్లు చూసుకుంటారు. సికిల్ క్యారియర్, థలసీమియా క్యారియర్ కలిసి పెళ్లి చేసుకున్నా పిల్లలకి జబ్బు రావచ్చన్న మాట మటుకు పొరపాటున కూడా వినకండి. రాత్రి నిద్ర పట్టదు.

నెల తప్పాక

మొదటి రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ తొమ్మిదిన్నర అని వస్తుంది. ఐరన్ టానిక్కు తాగించండి. దానిమ్మ, బీట్‌రూట్, నువ్వుండ, ఏది దొరికితే అది. నెల తర్వాతా తొమ్మిదిన్నరే ఉంటే టానిక్కు కంపెనీ మార్చండి. ఎర్ర కణాలు సంఖ్యలో తగ్గకుండా సైజులో మరీ చిన్నగా ఉంటే ఇనుము లోటేనని అనుకోకుండా హెచ్‌బీ ఏ2 చూడాలని డాక్టర్లు చదువుకున్నారు. మనం చదువుకోలేదు కదా.

పరీక్ష తప్పదంటే అమ్మాయికి ఒక్కదానికే చేయించండి. ఇది అతి ముఖ్యం. ఈ జబ్బు బిడ్డకి రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలవాలి. కాబట్టి అబ్బాయి ఓ ఐదు మిల్లీలీటర్ల రక్తమిచ్చి, అతనికి లేదని తేలితే ఆ పూటతో భయం తీరిపోతుంది. అలా తేలిపోతే ఇంట్లో మాట్లాడుకోవడానికేం మిగులుతుంది? అబ్బాయి పరీక్షకి వెళ్లకపోతే తప్పంతా కోడలి పుట్టింటి మీదే నిలుస్తుంది. అత్తగారు వంటింట్లోంచి, ఎవరికీ చెప్పనట్టే, అందరికీ వినపడేట్టు "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా" అనే అవకాశం దొరుకుతుంది. లేవా? ఏడాది నిండకుండానే "పాలిపోయి, పొట్ట ఉబ్బి" పోయిన పిల్లలు మా అందరి ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లని దిష్టి కింద రాసుకున్నాం, అంతే.

ఈ అబ్బాయి చెప్పకుండానే పోయి తన రక్తమూ ఇచ్చొచ్చాడు. అక్కడే నాకు అనుమానమొచ్చింది, వీడు మాట వినే రకం కాదని.

నాలుగింట ఒకటి

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే వీలు 25 శాతం, వాళ్లలాగే క్యారియర్ అయ్యే వీలు 50 శాతం, ఏమీ లేకుండా పుట్టే వీలు 25 శాతం. దీన్ని నేను సులువుగా అర్థం చేసుకున్నాను. నలుగురు పిల్లల్లో ఒకరికొస్తుంది, మీరు కనేది ఇద్దర్ని, సగం భయం అక్కడే పోయింది. మొదటి బిడ్డకి వచ్చేసిందనుకోండి, మీ కోటా అయిపోయినట్టే, ఆ తర్వాత ముగ్గురికీ ఢోకా లేదు.

డాక్టరమ్మ రెండు రూపాయి బిళ్లలు తీసి బల్ల మీద ఎగరేసి చూపించిందట. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ బొరుసు పడితే జబ్బు. మళ్లీ ఎగరేసిందట. "పోయినసారి ఏం పడిందో బిళ్లకి గుర్తుండదమ్మా" అందట. బాగానే ఉంది. గుర్తుండాల్సింది బిళ్లకా, దేవుడికా?

పంచాంగం చేతిలో ఉంటే చాలు

ఇప్పుడు అసలు సలహా. దీని కోసం పైవన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

ఏ పరీక్షకీ వద్దనకండి. కాదంటే పిల్లలు ఎదురు తిరుగుతారు. "చేయిద్దాం, మంచిరోజు చూసి" అనండి. మిగతా పని పంచాంగం చేస్తుంది.

వీళ్లు నా దగ్గరికొచ్చింది పదో వారంలో. డాక్టరమ్మ చెప్పింది ఇదీ: ముందు ఇద్దరి డీఎన్‌ఏలో తప్పు ఏ అక్షరం దగ్గరుందో చూడాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది. అది తెలిశాక 11 నుంచి 13 వారాల మధ్య స్కానింగులో చూస్తూ పొట్టలోంచి సన్నని సూదితో మాయ నుంచి ఆవగింజంత ముక్క తీస్తారు. బిడ్డకి తల్లి లోపం వచ్చిందా, తండ్రిదా, రెండూనా, ఏదీ లేదా అన్నది అందులో తెలుస్తుంది.

ఇక మొదలుపెట్టండి. మర్నాడో ఆ మర్నాడో ఆషాఢం వస్తుంది. పెళ్లయ్యాక వచ్చే మొదటి ఆషాఢం, కోడలు అత్తారింట ఉండకూడదు. అమ్మాయిని పుట్టింటికి పంపండి. అబ్బాయి అత్తారి గడప తొక్కకూడదు కనక ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్లే ప్రశ్నే లేదు. నెల గడిచేసరికి పద్నాలుగో వారం. మాయ ముక్క తీసే గడువు దాటింది, చెయ్యి కాల్చుకోకుండానే.

శ్రావణం. మంగళగౌరి నోము, వరలక్ష్మీ వ్రతం. శుభమా అని పూజలు చేసుకునే నెలలో పొట్టలో సూదులా? ఉమ్మనీరు తీసి చూసే పరీక్ష ఇంకొకటుంది, 16 వారాల నుంచి చేస్తారు. దాని మాట ఎవరూ ఎత్తకుండా పసుపు కుంకుమలు పంచుతూ ఉండండి. శ్రావణం పోయేసరికి పద్దెనిమిది.

భాద్రపదంలో వినాయకచవితి అయ్యాక మహాలయ పక్షాలు వస్తాయి. పితృదేవతలు ఇంటి చుట్టూ తిరిగే రోజులు. వాళ్ల వంశాంకురం గురించి వాళ్ల ముందే అనుమానపడతారా? ఇరవై రెండు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి, చట్టం అడ్డొస్తుంది. 2021లో మార్చిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆ పైన 24 దాకా నిర్ణీత వర్గాల వాళ్లకి ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. 24 దాటితే బిడ్డకి తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేల్చాల్సిందే. కాబట్టి దసరా నవరాత్రులు దాటించగలిగితే నిర్ణయం చాలా మటుకు మీ చేతుల్లోంచి జారిపోయినట్టే. కనడమా మానడమా అన్నది ఆ ఇద్దరే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమని, ఎటు తేల్చుకున్నా తాను తోడుంటానని డాక్టరమ్మ అన్నదట. ఇద్దరే! ఇంట్లో పదిమంది పెద్దవాళ్లం ఉండగా! ఆ ఇద్దరూ తేల్చుకోకముందే గడువుని దాటించడం మన బాధ్యత. ఒక్కరు కూడా "వద్దు" అని నోరు తెరవకుండా, కేవలం పండగలు చేసుకుంటూ ఈ పని పూర్తి చెయ్యొచ్చు. నలభై ఏళ్లలో నేను కనిపెట్టిన గొప్ప కిటుకు ఇదే.

పండగలకి లొంగనివాళ్లని భయపెట్టొచ్చు. స్కానింగు సెంటరు గోడ మీద లింగ నిర్ధారణ నేరమని పెద్దక్షరాల బోర్డుంటుంది. దాన్ని చూపించి "కడుపులో బిడ్డకి పరీక్షంటే పోలీసు కేసు" అనండి. 1994 నాటి ఆ చట్టమే హీమోగ్లోబిన్ జబ్బుల్లాంటి వాటికి రిజిస్టరైన చోట గర్భంలో పరీక్ష చెయ్యొచ్చని ఒప్పుకుంది, ఆడా మగా చెప్పడమే నేరం. బోర్డు మీద అంత చోటుండదు కనక ఎవరికీ తెలియదు. "సూది గుచ్చితే నలుసు నిలవదు" అని కూడా అనొచ్చు. ప్రమాదం నూటికి ఒకటో, అంతకన్నా తక్కువో అంటారు వాళ్లు. నూటికి ఒకటికి భయపడండి, నాలుగింట ఒకటికి మాత్రం ధైర్యంగా ఉండండి.

పుట్టాక

పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. బారసాల ఘనంగా చెయ్యండి. నన్ను ఆడిపోసుకోవడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకునే హీమోగ్లోబిన్ వేరు, అది తగ్గి పెద్దవాళ్ల రకం రావాల్సిన వేళకి రాదు. అప్పటి దాకా అంతా నా మాటే నెగ్గినట్టు ఉంటుంది.

ఆ తర్వాత పాలిపోతుంది. పాలు వదిలేస్తుంది. అరికాళ్లు తెల్లకాగితంలా ఉంటాయి. అప్పుడు కూడా టానిక్కే. తప్పక పెద్దాసుపత్రికి వెళ్తే పేరు చెబుతారు, తేదీ రాసిస్తారు. రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి రక్తం. బతికినన్నాళ్లూ.

పొద్దున్న ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. వార్డులో వరసగా మంచాలు, ప్రతి మంచానికీ ఒక స్టాండు, ఒక తల్లి, ఒక ఫోను. ముందు క్రాస్‌మ్యాచికి శాంపిల్, తర్వాత బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడటం. సంచీ ఫ్రిజ్‌లోంచి తీసినట్టే చల్లగా ఉంటుంది. వాడు ఏడవడం నాలుగో ఏట మానేశాడు. ఇప్పుడు ఆరేళ్లు. చెయ్యి తనే చాపి, "ఈ చెయ్యి కాదు సిస్టర్, పోయినసారి ఇటే గుచ్చారు" అంటాడు. సూది కదలకుండా అరచేతి కింద అట్టముక్క పెట్టి టేపు చుడతారు. కుడిచెయ్యి కట్టేసిన రోజున ఎడమచేత్తో బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఎడమచేత్తో వేసిన ఏనుగే నాకు బాగుంటుంది.

ఎక్కించిన ప్రతి సంచీతోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వెళ్తుంది. బయటికి పోయే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని లాగడానికి రోజూ పరగడుపున మాత్ర. గాజుగ్లాసులో నీళ్లు పోసి, మాత్ర వేసి, సుద్దనీళ్లలా తెల్లబడేదాకా తిప్పాలి. తాగాక గ్లాసు అడుగున అంటుకున్నదాన్ని ఇంకో గుక్కెడు నీళ్లు పోసి తిప్పి అదీ తాగించాలి. లేకపోతే మోతాదు తగ్గుతుంది. ఆ తర్వాత అరగంట దాకా టిఫిన్ పెట్టకూడదు. ఆ అరగంట ఇడ్లీ వాసన రాకుండా వంటింటి తలుపు వేసెయ్యాలి.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఎవరో చెప్పగా విన్నాను.

మందులూ రక్తమూ తప్పకుండా అందితే ఈ పిల్లలు పెద్దవుతున్నారు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి. బడిలో చెప్పొద్దు, బంధువులకి అసలే చెప్పొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియాని చేర్చారు, సర్టిఫికెట్ తీసుకోండని వార్డులో నర్సమ్మ చెబితే తలూపి వచ్చెయ్యండి. ఇంట్లో ఇంకో ఆడపిల్ల పెళ్లి కావాల్సి ఉంటుంది. ఆ పిల్లకీ పరీక్ష చేయించొద్దు. క్యారియర్ అని తేలితే ఆ సంగతి అవతలి వాళ్లకి చెప్పాల్సొస్తుంది.

ఇంకొకర్ని కనండి, మూలుగ ఇస్తుంది, మార్పిడి చేస్తే మొదటివాడు బాగవుతాడని ఎవరో ఒకరు అంటారు. అనేది నాలాంటివాడే. తోబుట్టువు మూలుగ సరిపోయే వీలు నాలుగింట ఒకటి. ఆ బిడ్డ తాను జబ్బు లేకుండా పుట్టే వీలు నాలుగింట మూడు. రెండూ కలవాలంటే పదహారింట మూడు. నేను చేతివేళ్ల కణుపుల మీద లెక్కేశాను, మూడుసార్లు. ప్రతిసారీ అంతే వచ్చింది.

ఆ జంట సంగతి

మజ్జిగ తాగారు, నా కాళ్లకి దణ్ణం పెట్టారు, నేను చెప్పిన ప్రతిదానికీ తలూపారు. నా గుమ్మం దిగి అటునుంచటే హైదరాబాద్ బస్సెక్కారట. ఆషాఢం లేదు, అమావాస్య లేదు. ఇద్దరి రక్తమూ డీఎన్‌ఏ పరీక్షకిచ్చి, పన్నెండో వారంలో మాయ ముక్క తీయించుకున్నారు. రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్ల సరిగా అన్నం తినలేదని తర్వాత తెలిసింది. బిడ్డ కూడా వాళ్లిద్దరిలాగే క్యారియరట, అంతే.

మాఘంలో ఆడపిల్ల పుట్టింది. బారసాలకి వాళ్లిద్దరూ మా ఇంటికొచ్చి మరీ పిలిచారు. నా సలహా ఒక్కటీ పాటించకుండా నన్నే పిలవడం ఏం మర్యాదో నాకర్థం కాలేదు. వెళ్లాను. పిల్లని నా ఒళ్లో పెట్టారు. మొహం చూడకముందే అరికాళ్లు చూశాను. ఎర్రగా ఉన్నాయి. ఆరు నెలలు దాటితే గానీ తేలే విషయం కాదని తెలిసీ, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. భోజనం కూడా చెయ్యకుండా వచ్చేశాను.

ఇంకా సలహాలు కావలసినవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా మా ఇంటికి రావచ్చు. మంగళవారం ఉండను. అన్ని మంగళవారాలూ కాదు, మూడు వారాలకొకటి. ఆ రోజు మనవణ్ణి తీసుకుని పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాక వస్తాను. మీది బి పాజిటివ్ అయితే మాత్రం ఆ మంగళవారమే రండి.